వాకిటి బంట్రోతు, లోపలి గుమాస్తా: సర్వరుల నడుమ దారి తెగుట



పనిమీద సేవాకేంద్రమునకు పోయిన పెద్దలకు ఈ కాలమున తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. అడంగలు నకలు కొరకో, ఆదాయపు ధ్రువపత్రము కొరకో, పింఛను సంగతి కనుగొనుటకో పోయి వరుసలో నిలిచినవానితో, బల్ల వెనుక కూర్చున్న కుర్రవాడు తెరవంక చూచి, “సర్వరు లేదు తాతగారూ, రేపు రండి” యనును. తాతగారు లేచి, కండువా దులుపుకొని, బస్సు పట్టుకొని యింటికి వచ్చును. మరునాడు పోయినను అదే మాట కావచ్చును. ఒకనాటి కూలి, రానుపోను చార్జీలు, మిట్టమధ్యాహ్నపు టెండ, ఇవి యన్నియు ఆ రెండు మాటల క్రింద నలిగిపోవుచున్నవి.

ఆ రెండు మాటలును చాలసారులు నిజము కావు. సర్వరు లేకపోలేదు. అది యున్నది గనుకనే తనకు జవాబు రాలేదని తెరమీద వ్రాసి చూపగలిగినది. లేనివాడు తాను లేనని చెప్పలేడు గదా! అచ్చట నున్నవారు ఒకరు కారు, ఇద్దరు. ఆ యిద్దరి నడుమ దారి తెగినది. అది యెచ్చట తెగినదో కనుగొనుట కేవరుసలో వెదకవలెనన్నదే నేటి ప్రసంగవిషయము. మరమ్మతు మీరు చేయబోరు. కాని చేయువానిని మీరు ప్రశ్నింపవచ్చును. అంతేకాక నేడు మీ యిండ్ల పిల్లలలో నీ వృత్తియందున్న వారు పెక్కుమంది కలరు. పండుగకు వచ్చినపుడు వారితో మాటలాడుటకైనను ఇది పనికివచ్చును.

1985లో మండలములు రాకపూర్వము తాలూకా కచ్చేరికి పోయినవారు మీలో నుందురు. కచ్చేరి వాకిట బంట్రోతు నిలుచుండెడివాడు. అర్జీ వాని చేతి కియ్యవలెను. వాడు దానిని లోపలికి గొనిపోయి గుమాస్తా బల్లమీద నుంచును. గుమాస్తా దస్త్రముల గదినుండి కట్ట తెప్పించి, చూచి, జవాబు వ్రాసి బంట్రోతు చేతి కిచ్చును. బంట్రోతు దానిని తెచ్చి మనకు చేర్చును. మనము గుమాస్తా ముఖమైనను చూచి యెరుగము. మంచి వచ్చినను చెడు వచ్చినను బంట్రోతు నోటనే వినవలెను.

నేటి యేర్పాటును సరిగా ఇట్టిదే. వాకిట నిలుచు బంట్రోతును వెబ్ సర్వరందురు. 1995లో పుట్టిన అపాచీ యనునదియు, 2004లో లోకమునకు విడుదలయిన ఎంజినెక్స్ అనునదియు ఇట్టి బంట్రోతులలో పేరుపడినవి. లోపల కూర్చుండి నిజముగా పనిచేయు గుమాస్తాను అప్లికేషన్ సర్వరందురు. జావా యను కంప్యూటరు భాషలో వ్రాసిన కార్యక్రమములను నడుపు గుమాస్తాలలో మిక్కిలి వాడుకలో నున్నది టామ్‌క్యాట్. టామ్‌క్యాట్ అనగా గండుపిల్లి. సన్ మైక్రోసిస్టమ్స్ అను సంస్థలో జేమ్స్ డంకన్ డేవిడ్సన్ అను నాతడు దీనిని మొదట రచించెను. 1999లో ఆ సంస్థ దానిని అపాచీ ఫౌండేషను వారికి దానము చేసెను. తన పొట్ట తాను పోసికొనగల జంతువు గనుక ఆ పేరు పెట్టితినని రచయిత చెప్పినాడు. ఆ జంతువునకు ఎవరి మాటయు వినని గుణము కూడ నున్నదని దానిని నడుపువారు తరువాత కనుగొనిరి.

గుమాస్తాయే వాకిట కూర్చుండరాదా, నడుమ బంట్రోతేల యని యడుగుదురేమో. కూర్చుండవచ్చును, కొన్నిచోట్ల కూర్చున్నాడు కూడ. కాని ప్రపంచమంతయు వచ్చి తట్టు గుమ్మములు రెండు, 80వదియు 443వదియు. యూనిక్స్ జాతి యంత్రములలో 1024కు లోబడిన గుమ్మములు తెరచుటకు సర్వాధికారము కావలెనని పూర్వమునుండి యాచారము. అంత యధికారము గుమాస్తా చేతి కిచ్చుట క్షేమము కాదు. కనుక అతడు సామాన్యునివలె 8080వ గుమ్మము వెనుక కూర్చుండును. బంట్రోతు వాకిట నిలిచి, రహస్యలిపిలో వచ్చిన కవరులను విప్పి, బొమ్మలవంటి చిన్నవస్తువులను తానే యందించి, తక్కినవానిని లోపలికి పంపును. ఒక బంట్రోతు వెనుక నలుగురు గుమాస్తా లుండి, అర్జీలు వంతులవారీగా పంచబడుటయు కలదు.

ఇక జబ్బు సంగతి. తెరమీద నొక మూడంకెల సంఖ్య కనబడును. కుర్రవాడు దానిని చూచియు చూడనట్లు మూసివేయును. అందు సగము రోగనిర్ణయ మున్నదని వానికి తెలియదు. 503 అనిన, లోపలి సేవ ఇప్పుడు దొరకదని యర్థము. 502 అనిన, లోపలినుండి వచ్చిన జవాబు చెడినదనియో, సగములో తెగినదనియో యర్థము. 504 అనిన, అర్జీ లోపలికి పోయినది గాని గడువులోపల జవాబు రాలేదని యర్థము. ఈ మూడును బంట్రోతు పలుకు మాటలు. 500 వచ్చినచో, జవాబు వ్రాయుచు గుమాస్తాయే తొట్రుపడినాడని సామాన్యముగా తలపవలెను. అప్పుడు దారికి లోపము లేదు. 404 వచ్చినచో అడిగిన వస్తువు అచ్చట లేదు. లేదన్న దెవరో చూడవలెను. టామ్‌క్యాట్ వ్రాసిన పత్రమున అడుగున తన పేరు వ్రాసికొనుట దాని కలవాటు. ఆ సంతకమున్నచో అర్జీ లోపలిదాక చేరినట్లే. సంతకము లేక బంట్రోతు దస్తూరియే యున్నచో, ఏ యర్జీని ఎవరికి పంపవలెనో తెలుపు పట్టికలోనే తప్పున్నది. అందొక యేటవాలు గీత ఒకవైపు నుండి రెండవవైపు లేకపోయినను దారి తప్పును.

ఒక చిక్కు కలదు. గుమాస్తా గది మూసియున్నచో అపాచీ 503 అనును. అదే సందర్భమున ఎంజినెక్స్ 502 అనును. ఒకే జ్వరమునకు ఇద్దరు వైద్యులు రెండు పేరులు పెట్టినట్లు. కావున సంఖ్యను చూచి యాగిపోక చిట్టా విప్పవలెను.

చిట్టా యనగా నేమో వ్యాపారము చేసినవారికి చెప్ప నక్కరలేదు. బంట్రోతు కొక చిట్టా, గుమాస్తా కొక చిట్టా యుండును. వచ్చిన ప్రతి యర్జీయు, జరిగిన ప్రతి పొరపాటును గంట నిమిషములతో సహా వానిలో నెక్కును. రెండు చిట్టాలను ప్రక్కప్రక్కను పెట్టుకొని చదువుటయే యీ విద్యలో ముఖ్యము. అందులకు రెండు యంత్రముల గడియారములు ఒకటిగా నుండవలెను. ఒకటి పదునొకండని, వేరొకటి పదునొకండు మీద అయిదు నిమిషములని చెప్పుచుండగా ఏ సంఘటన దేనికి కారణమో బ్రహ్మకైనను తెలియదు. ఇది చిన్న సంగతియే. దీనివలననే నేను రెండు రాత్రులు వ్యర్థము చేసికొంటిని.

వెదకుటకు మొదటి యడుగు బంట్రోతును తప్పించి గుమాస్తానే తిన్నగా పిలుచుట. అపాచీ యున్న యంత్రము మీదనే కూర్చుండి, కర్ల్ అను చిన్న పరికరముతో 8080వ గుమ్మమును తట్టవలెను. జవాబు వచ్చినచో గుమాస్తా క్షేమము, లోపము నడుమనో వాకిటనో యున్నది. రానిచో లోపల చూడవలెను. ఈ యొక్క యడుగుతో వెదకవలసిన యిల్లు సగమునకు తగ్గిపోవును. అయినను చాలమంది దీనిని విడిచి, మొట్టమొదటనే బంట్రోతు పట్టికను దిద్ద నారంభింతురు. బాగున్నదానిని చెడగొట్టి, చెడినదానిని వదలి, సాయంకాలమునకు రెండు రోగములను తెచ్చుకొందురు. మరియొక హెచ్చరిక: తట్టుట వాకిటి యంత్రము నుండియే జరుగవలెను. మన బల్లమీది యంత్రమునుండి తట్టి చూచి, బాగుగనే యున్నదనుట వ్యర్థము. మన దారి వేరు, బంట్రోతు దారి వేరు.

తట్టినప్పుడు మూడు విధములయిన విఘ్నములు కలుగును. మూడింటికిని కారణములు వేరు. లినక్స్ యంత్రముల మీద అపాచీ తన చిట్టాలో వీనిని సంఖ్యలతో సహా వ్రాయును.

మొదటిది నిరాకరణము. దాని సంఖ్య 111. తట్టిన తక్షణమే, ఇచ్చట నెవరును లేరని జవాబు వచ్చును. అనగా ఊరు సరియే, వీధి సరియే, ఆ గుమ్మము వెనుక మాత్రము మనిషి లేడు. టామ్‌క్యాట్ ఆగిపోయి యుండవచ్చును. ఇంకను మేలుకొనుచుండవచ్చును.  లేదా వేరొక గుమ్మము వెనుక కూర్చుండి యుండవచ్చును. ఎస్‌ఎస్ అను పరికరము ఏ గుమ్మము వెనుక ఎవరు చెవియొగ్గి యున్నారో పట్టిక వేసి చూపును. ఇందులో నొక సూక్ష్మ మున్నది. యంత్రము తన్ను తాను పిలుచుకొను పేరు లోకల్‌హోస్ట్. ఆ పేరునకు చిరునామాలు రెండు: పాతపద్ధతిని 127.0.0.1, క్రొత్తపద్ధతిని వేరొకటి. గుమాస్తా ఒక చిరునామాలో కూర్చుండగా బంట్రోతు రెండవదానిని తట్టిన, ఇద్దరును ఒకే యింట నుండియు కలిసికొనరు. పేరు వ్రాయుటకు బదులు చిరునామానే రెండువైపులను వ్రాసిన నీ బాధ యుండదు.

రెండవది మౌనము. దాని సంఖ్య 110. తట్టినను ఔననుట లేదు, కాదనుట లేదు. కొంతసేపు వేచి బంట్రోతు మరలి వచ్చును. ఇది సాధారణముగా నడుమ నెవరో కంచె వేసినందువలన కలుగును. రెండు యంత్రముల నడుమ నుండు కావలియంత్రము, తనకు చెప్పని మనిషిని కాదనక, ఉలుకు పలుకు లేక త్రోసివేయును. లేక చిరునామా వ్రాయుటలో నొక యంకె తప్పి, లేని యూరికి పోయినట్లగును. నిరాకరణమునకును మౌనమునకును గల భేదము నెరిగినవాడు గంటపని నిమిషములో చేయును.

మూడవది అనుమతి లేమి. దాని సంఖ్య 13. ఇది విచిత్రమైనది. గుమాస్తా యున్నాడు, గుమ్మము తెరచియున్నది, కర్ల్‌తో తట్టిన పలుకుచున్నాడు. కాని బంట్రోతునకు మాత్రము దొరకడు. రెడ్ హ్యాట్ కుటుంబమునకు చేరిన లినక్స్ యంత్రములలో ఎస్‌ఈలినక్స్ అను గట్టి కావలివాడుండును. వెబ్ సర్వరు తనంతట తాను ఇతర గుమ్మములకు పోరాదని వాని మొదటి కట్టడి. పోవచ్చునని చెప్పుట కొక మీట యున్నది. దానిని త్రిప్పిన చాలును. కాని విసిగినవారు ఆ కావలివానినే ఇంటినుండి వెడలగొట్టుట నేను పలుమారులు చూచితిని. తాళము బిగిసినదని తలుపు నూడబెరికినట్లు!

దారి తెరచియున్నను భాష కుదరక చెడుట మరియొకటి. బంట్రోతు గుమాస్తాతో మాటలాడుటకు రెండు భాషలున్నవి. ఒకటి లోకమంతయు నెరిగిన హెచ్‌టీటీపీ. రెండవది ఈ యిద్దరి కొరకే కల్పించిన సంకేతభాష, ఏజేపీ. హెచ్‌టీటీపీ 8080వ గుమ్మమునను, ఏజేపీ 8009వ గుమ్మమునను వాడుట పరిపాటి. ఏజేపీ పలుకు బంట్రోతును 8080కి పంపినచో, గుమాస్తాకు వాని మాట పిశాచభాషవలె తోచును. అర్జీ మొదటి మాటలోనే చెల్లని యక్షరము కనబడినదని టామ్‌క్యాట్ తన చిట్టాలో వ్రాసికొనును. ఆ వాక్యము కనబడిన, వేరు విచారణ మాని గుమ్మపు సంఖ్యయు భాషయు సరిచూడవలెను.

ఏజేపీని గూర్చి 2020లో జరిగిన యొక గొప్ప కలకలము చెప్పక తీరదు. ఈ సంకేతభాష మాటలాడువాడు తప్పక మన బంట్రోతే యని గుమాస్తా చిరకాలము నమ్మియుండెను. వాడు చెప్పిన ప్రతి మాటను ప్రశ్నింపక చేయును. టామ్‌క్యాట్ తెచ్చి పెట్టుకొనగనే 8009వ గుమ్మము తనంతట తెరచుకొని, యంత్రమున కెన్ని చిరునామాలున్న నన్నిటిమీదను చెవియొగ్గి యుండెడిది. ఆ గుమ్మము బయటికి కనబడుచోట ఎవడో బంట్రోతు వేషము వేసికొని వచ్చి అడిగిన, కార్యక్రమపు లోపలి కాగితములు, సంకేతపదములు వ్రాసియుంచినవి సైతము, తీసి చేతి కిచ్చెడిది. 2020 ఫిబ్రవరిలో ఈ లోపము బట్టబయలయ్యెను. దానికి ఘోస్ట్‌క్యాట్, అనగా దయ్యపుపిల్లి, యని పేరు పెట్టిరి. 6 మొదలు 9వరకు గల టామ్‌క్యాట్ తరములన్నిటియందును అది యుండెను. 9.0.31, 8.5.51, 7.0.100 అను కూర్పులలో దానిని సరిచేసిరి.

సరిచేసిన విధమేమనగా, ఆ గుమ్మము ఇక తనంతట తెరచుకొనదు. తెరచినను సొంత యింటివారికి మాత్రమే వినబడును. అంతేకాక బంట్రోతు ప్రతిసారియు నొక రహస్యపదము చెప్పవలెను. ఇది న్యాయమే. కాని క్రొత్త కూర్పును తెచ్చి పెట్టుకొన్న కార్యాలయములలో మరునాటి యుదయము 503 కనబడెను. పాత పట్టికలో రహస్యపదము లేదు. పదము తప్పనిసరి యనియుండగా పదము వ్రాయనిచో, టామ్‌క్యాట్ ఆ గుమ్మమును తెరువనే తెరువదు. ఆ సంగతి తన చిట్టాలో స్పష్టముగా వ్రాయును. చిట్టా చదువనివారు మాత్రము, క్రొత్త కూర్పు చెడ్డదని తలచి పాతదానికి మరలిపోయిరి. అనగా దొంగకు మరల తలుపు తీసిరి! పదము రెండువైపులను ఉన్నను ఒకటి గాకున్నచో 403, అనగా నిషేధము, కనబడును. ఇంకొక పీట ముడి: అపాచీలోని ఏజేపీ శాఖకు రహస్యపదము పలుకుట 2.4.42వ కూర్పునుండియే వచ్చినది. అంతకు పూర్వపు బంట్రోతునకు నోరు తిరుగదు. కావున గుమాస్తాను మార్చునాడు బంట్రోతును కూడ చూచుకొనవలెను. నన్నడిగిన, ఏజేపీ తప్పనిసరి కానిచోట హెచ్‌టీటీపీతోనే పని జరుపుకొనుడనియే చెప్పుదును.

ఇంతవరకు చెప్పినవి దారి పూర్తిగా తెగిన సందర్భములు. అంతకన్న గడ్డువి, ఉదయము బాగుండి మధ్యాహ్నము చెడునవి. నేను స్వయముగ చూచిన దొకటి చెప్పెదను.

ఒక కార్యాలయమున దినదినమును ఉదయము తొమ్మిదింటికి పని చక్కగా సాగెడిది. పదునొకండగుసరికి పుటలు మెల్లవడి, తరువాత అందరికిని 504 కనబడెడిది. వాకిట యాబదిమంది నిలిచియుందురు. లోపలివారు టామ్‌క్యాట్‌ను ఆపి మరల నడిపింతురు. వెంటనే ప్రాణము వచ్చును. రెండు గంటలలో మరల పోవును. ఇట్లు మూడు వారములు గడచినవి. నన్ను పిలిచిరి. బంట్రోతు జవాబు కొరకు వేచియుండు గడువు అరువది సెకండులు. నేను దానిని మూడువందలు చేసితిని. ఇది నా మొదటి తప్పు. ఒక నిమిషములో లేదని చెప్పించుకొను ముసలివారు, నా పుణ్యమా యని, అయిదు నిమిషములు నిలిచి లేదని చెప్పించుకొనిరి. కార్యాలయమువా రంతకుముందే గుమాస్తాల సంఖ్యను పెంచియుండిరి. టామ్‌క్యాట్ ఒకేసారి పనిచేయించు చేతులు, వీనిని త్రెడ్డు లందురు, మామూలుగా 200. వారు 400 చేసిరి. దానివలనను ప్రయోజనము లేకపోయెను.

మరునాడు పదునొకండింటికి జబ్బు మొదలుకాగానే, ఆపుటకు ముందు, ఆ నన్నూరు చేతులును ఆ క్షణమున ఏమి చేయుచున్నవో పటము తీయించితిని. జావాలో దీనికి జేస్టాక్ అను పరికరమున్నది. త్రెడ్డు డంపు అందురు. తీయుటకు పది సెకండులు కూడ పట్టదు. ఆ పటమున ఇంచుమించు అన్నియు ఒకే పంక్తివద్ద నిలిచియుండెను. దస్త్రముల గది, అనగా డేటాబేసు, తాళపుచెవి కొరకు వేచియున్నవి. తాళపుచెవులెన్ని యని చూడగా ఎనిమిది! వారు వాడిన పరికరమున ఆ సంఖ్య ఎవరును మార్చనిచో ఎనిమిదియే యుండును. చెవి దొరకకున్న ఎంతసేపు వేచియుండవలెనన్న ప్రశ్నకు, ఎల్లకాలము అన్నదే యందలి మొదటి యేర్పాటు. నన్నూరుమంది గుమాస్తాలు ఎనిమిది తాళపుచెవుల కొరకు యుగాంతమువరకు నిలిచియున్నారన్నమాట. ఇన్నూరుండినను అంతే, వేయిమంది యుండినను అంతే.

ఎనిమిదియైనను చేతులు మారుచుండిన పని కొంత సాగవలెను గదా! సాగకపోవుటకు కారణము మరియొకటి. కార్యక్రమమున నొక నివేదిక యుండెను. దానికి కావలసిన లెక్క దొరకినచో చెవిని తిరిగి కొక్కెమునకు తగిలించును. లెక్క దొరకనిచో తప్పును వ్రాసికొని, చెవిని జేబులోనే వేసికొని పోవును. అట్లు దొరకని సందర్భము రోజున కొన్నిసారులే కలుగును. తొమ్మిదింటికి ఎనిమిది చెవులు, పదింటికి అయిదు, పదునొకండింటికి సున్న. టామ్‌క్యాట్‌ను ఆపి నడిపినపుడెల్ల క్రొత్తగా ఎనిమిది చెవులు పుట్టును. అందుచేతనే ప్రాణము వచ్చినట్లు తోచినది. మూడు వారములు వారు రోగికి మందియ్యక, మరల మరల పుట్టించుచుండిరి. ప్రతి జన్మతోను ఆ క్షణపు సాక్ష్యమును తుడిచివేయుచుండిరి.

మరమ్మతు నాలుగు పంక్తులు. పని నెరవేరినను నెరవేరకున్నను చెవి తిరిగి కొక్కెమునకు చేరునట్లు చేయుట. ఇందులకు జావా భాషయందు 2011నుండి చక్కని కట్టుబాటే యున్నది. చెవికొరకు వేచియుండుటకు పది సెకండులు గడువు పెట్టితిమి. నేను పెంచిన మూడువందలను మరల అరువది చేసితిని. చేతులను మరల 200కు దింపితిమి. వాకిట బంట్రోతు తప్పేమియు లేదు. మూడు వారములు మాటలు పడినవాడు మాత్రము వాడే. వానితోపాటు, బల్ల వెనుక కూర్చుండి సర్వరు లేదని చెప్పిన కుర్రవాడును తిట్లు తిన్నాడు.

అప్పుడప్పుడు, నూటి కొకటి రెండు అర్జీలు మాత్రమే 502తో తిరిగివచ్చు జబ్బొకటి కలదు. బంట్రోతును గుమాస్తాయును ప్రతి యర్జీకిని క్రొత్తదారి వేయక, వేసిన దారిని తెరచి యుంచుకొని మరల వాడుకొందురు. టామ్‌క్యాట్‌తో వచ్చు మాదిరి పట్టికలో, పనిలేని దారిని ఇరువది సెకండులకు మూసివేయునట్లు వ్రాసియుండును. సరిగా ఆ మూయు క్షణముననే బంట్రోతు అర్జీతో ఆ దారిని అడుగిడిన, ద్వారబంధము మధ్య చిక్కుకొనును. బంట్రోతే ముందుగా మూసికొనునట్లు, వాని గడువును గుమాస్తా గడువుకంటె తక్కువగా నుంచిన నిది పోవును.

కడపట నొక చిన్న విషయము. అపాచీ ఒకసారి గుమాస్తా దొరకలేదని తెలిసికొన్న తరువాత, మామూలుగా అరువది సెకండులవరకు మరల లోపలికి పోయి చూడదు. వచ్చినవారి నందరిని వాకిటనే 503 చెప్పి పంపివేయును. గుమాస్తా ఈలోపల వచ్చి కూర్చున్నను వానికి తెలియదు. మరమ్మతు చేసినవాడు వెంటనే చూచి, ఇంకను బాగుపడలేదని భ్రమించి, బాగైనదానిని మరల విప్పుట యిందువలననే. సేవాకేంద్రమున కుర్రవాడు తెరవంక చూచి తల యడ్డముగ త్రిప్పినపుడు, ఆ మూడంకెల సంఖ్య యెంతయో, అప్పుడు గంట యెంతయో ఒక కాగితము మీద వ్రాయించుకొనుడు. రెండు నిమిషములు బల్లమీద కూర్చుండి, మరల నొక్కసారి నొక్కి చూడుమని వానితో చెప్పుడు.